దేవుడు మంచివాడైతే వాడకు ఈ కష్టమెందుకు?

మంజీర ఒడ్డున మనూరు, నారాయణఖేడ్ వైపు పల్లెల్లో వాన ఎగ్గొట్టినా, పసిబిడ్డ పోయినా జవాబులు సిద్ధంగా ఉంటాయి. గుడివైపు నుంచి వచ్చేది "పోయిన జన్మల చేసుకున్న కర్మ". చర్చివైపు నుంచి వచ్చేది "దేవుడు పరీక్ష పెడుతుండు". పోచమ్మకు కోపమొచ్చిందనేది మూడోది. సర్వశక్తిమంతుడైన మంచి దేవుడుంటే ఇంత చెడు ఎందుకన్న ప్రశ్నను 1755 లిస్బన్ భూకంపం తర్వాత వోల్టేర్ కూడా అడిగాడు. మన వాడల్లో అడిగినవాళ్ల పేర్లు పుస్తకాలకెక్కలేదు.

ముందు ఒక సంగతి విడదీసుకుందాం. కరువు, రోగం ఒకరకం. మనిషి మనిషికి పెట్టే బాధ ఇంకోరకం. మశూచిని అమ్మవారు పోసిందనేవాళ్లం. టీకాలు వేశారు, 1975 తర్వాత ఆ రోగం దేశంలో లేకుండా పోయింది. అమ్మవారి కోపం ఎటు పోయిందని ఎవరూ అడగలేదు. అంటరానితనానికి అట్లాంటి క్రిమి లేదు, దానివల్ల లాభపడే మనుషులున్నారు. 1988లో చట్టం నిషేధించిన జోగినీ ఆచారాన్నే చూడండి. దళిత ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చామంటారు, అనుభవించేది ఊరి పెద్దలు. ఇక్కడ దేవత చెడును అనుమతించింది అనడంకంటే, ఆమె పేరు మీద పెద్దలు దస్తావేజు రాసుకున్నారు అనడం సరైనది.

దేవుణ్ణి సమర్థించేవాళ్లు చెప్పే వాటిల్లో గట్టి జవాబు స్వేచ్ఛ గురించినది. మనిషికి స్వేచ్ఛ ఇవ్వకపోతే మంచితనానికీ విలువుండదు, ఇచ్చాక చెడు చేసేవాణ్ణి దేవుడు ఆపడు అంటారు. సరే, ఎవరి స్వేచ్ఛ? కారంచేడులో దళితులు తాగే చెరువునీళ్లను పాడుచేయొద్దన్నందుకు 1985 జులై 17న ఆరుగురిని చంపారు. చంపినవాళ్ల స్వేచ్ఛ నిలబడింది, నీళ్లడిగినవాళ్ల స్వేచ్ఛ ఏమైనట్టు? అయినా ఈ వాదనను మేం పూర్తిగా కొట్టేయం. నేరం చచ్చినవాడి పూర్వజన్మలో లేదు, చంపినవాడి చేతిలో ఉందని అది ఒప్పుకుంటుంది. కర్మ సిద్ధాంతం ఆపాటి న్యాయం కూడా చేయదు. దాని లెక్కలో బాధితుడే ముద్దాయి, సాక్ష్యం మాత్రం ఏ జన్మలో ఉందో ఎవరూ చూపలేరు.

బైబిల్లో యోబు కథ అందుకే మనకు పనికొస్తుంది. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి, నువ్వేదో పాపం చేసుంటావు, ఒప్పుకో అంటారు. చివరికి దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. నిలదీసి అడిగిన యోబే సరిగ్గా మాట్లాడాడని తీర్పు. ఆదివారం ప్రసంగాల్లో యోబు ఓర్పు గురించి చెప్పినంతగా అతని నిలదీతను చెప్పరు, ఎందుకో ఆలోచించాలి. (యోబుకు తర్వాత మళ్లీ పదిమంది పిల్లలు పుట్టారట. చనిపోయినవాళ్లు తిరిగి రాలేదు.) మన భాషలో ఇట్లాంటి ఫిర్యాదును 1941లో జాషువా "గబ్బిలం"లో చేశాడు. తన గోడు కాశీలోని శివుడికి చెప్పమని అరుంధతీసుతుడు గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది.

మెదక్ జిల్లాలో మిషనరీల పని సంగతీ చెప్పుకోవాలి. కరువురోజుల్లో పోస్నెట్ దొర జనానికి పనిచ్చి, కూడుపెట్టి కట్టించిన మెదక్ చర్చి 1924లో పూర్తయింది. ఆ కూడు చిన్న విషయం కాదు, ఎందరో బతికారు. కానీ కరువొస్తే ముందు చచ్చేది భూమిలేనివాడే ఎందుకు అన్న ప్రశ్న కూడుతో తీరదు.

అంబేడ్కర్ ఈ ప్రశ్ననే తిరగేశాడు. 1957లో అచ్చయిన "బుద్ధుడు, అతని ధమ్మం" ముందుమాటలో, పుట్టుకే దుఃఖమని చెప్పే నాలుగు ఆర్యసత్యాలను, పూర్వజన్మ కర్మను కూడా అనుమానించాడు. దుఃఖం జీవితంలోనే ఉందంటే, దాన్ని పెట్టినవాడు తప్పించుకుంటాడు. 1980లలో అరవింద్ నిర్మల్ మొదలుపెట్టిన దళిత క్రైస్తవ ఆలోచన ఇంకోదారి పట్టింది: దేవుడు పైన కూర్చుని అనుమతులిచ్చే దొర కాదు, కింద ఊడిగం చేసేవాడు, తానే దళితుడు. ఆ దేవుడితో వాడకు చుట్టరికం కుదురుతుంది. అయితే తోడుగా ఏడ్చేవాడు దెబ్బను ఎందుకు ఆపలేకపోయాడన్నది తేలలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.