ఒక కన్ను, రెండు కళ్ళు: పెద్దవాళ్ళకు బహువచనాల పాఠం

మీరు దుబాయిలోనో షార్జాలోనో ఉద్యోగం చేస్తూ, రాత్రిపూట ఫోనులో తెలుగు నేర్చుకుంటున్నారా? అయితే ఈ పాఠం మీకే.

1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ తరువాతి యాభై ఏళ్ళలో నాటాల్‌కు వచ్చిన కూలీలలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ మనవలం, మునిమనవలం గుడి బడిలో తెలుగు నేర్చుకున్నాం. నేనూ అంతే. మనకు ప్రార్థనలు వచ్చు, అక్షరాలు వచ్చు. కానీ ఇక్కడ నిజామాబాదు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే తడబడతాం.

నా ఆన్‌లైన్ తరగతిలో ఒక నర్సు ఉన్నారు. ఒక కార్మికుడు ఆవిడతో "కండ్లు మండుతున్నయ్" అన్నాడట. ఆవిడకు ‘కన్ను’ తెలుసు, ‘కండ్లు’ తెలియదు. నిఘంటువులో మాట మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది. అందుకే విన్న బహువచనం నుంచి వెనక్కి నడవడం నేర్చుకోవాలి.

ముందు సులువైనవి చూడండి. బస్సు–బస్సులు, పుస్తకం–పుస్తకాలు, పక్షి–పక్షులు, చెట్టు–చెట్లు, టికెట్టు–టికెట్లు.

ఇప్పుడు ‘ళ్ళు’ చూడండి. ఇల్లు–ఇళ్ళు, కన్ను–కళ్ళు, పండు–పళ్ళు, కాలు–కాళ్ళు, ఊరు–ఊళ్ళు, తమ్ముడు–తమ్ముళ్ళు. అంటే ‘ళ్ళు’ వినిపిస్తే దాని వెనుక ల్లు, న్ను, ండు, లు, రు, డు – వీటిలో ఏదైనా ఉండవచ్చు. ఒక్కొక్కటీ పెట్టి వెతకండి. ఒక్కోసారి రెండు దొరుకుతాయి. ‘పళ్ళు’ అంటే పండ్లూ కావచ్చు, నోట్లో దంతాలూ కావచ్చు. ‘వేళ్ళు’ చేతివీ కావచ్చు, చెట్టువీ కావచ్చు. "పళ్ళు తోముకో" అంటే ఏవో వాక్యమే చెబుతుంది.

తెలంగాణవాళ్ళు ఇండ్లు, పండ్లు, కండ్లు అంటారు. అది తప్పు కాదు. రెండూ నేర్చుకోండి.

పాలు, నీళ్ళు ఎప్పుడూ బహువచనమే: "పాలు ఉన్నాయి." మనుషులైతే "పిల్లలు ఉన్నారు", వస్తువులైతే "కార్లు ఉన్నాయి". లెక్కలోనూ తేడా ఉంది: మూడు కార్లు, కానీ ముగ్గురు నర్సులు. పెద్దవాళ్ళు ఒక్కరే అయినా "డాక్టరు గారు వచ్చారు" అనాలి. గౌరవం కూడా బహువచనంలోనే ఉంది.

ఎక్కడ వెతకాలి? ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేసారి చాలా నిఘంటువులు వెతకవచ్చు. 1903లో మద్రాసులో అచ్చయిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఉంది. ఇంగ్లీషు విక్షనరీలో చాలా తెలుగు నామవాచకాలకు ఏకవచనం, బహువచనం పక్కపక్కనే పట్టికలో ఉంటాయి. పట్టిక చూసి ఊరుకోకండి. బహువచనాన్ని చేత్తో రాసి, పైకి చదివి, ఒక వాక్యంలో పెట్టండి. పెద్దవాళ్ళకు నియమం త్వరగా అర్థమవుతుంది, నోరు మాత్రం మెల్లగా తిరుగుతుంది.

ఈ వారం కూరగాయల చీటీ తెలుగులో రాయండి: ఉల్లిపాయలు, వంకాయలు, కొబ్బరికాయలు, అరటిపళ్ళు. కొట్టులో తెలుగువాళ్ళు కనిపిస్తే చదివి వినిపించండి.

చివరగా అభ్యాసం. వీటి ఏకవచనాలు చెప్పండి: ముళ్ళు, కూతుళ్ళు, గుళ్ళు, రాళ్ళు. చివరి రెండూ పైన చెప్పిన దారుల్లో రావు, జాగ్రత్త.

జవాబులు: ముల్లు, కూతురు, గుడి, రాయి.