తక్కువ ఖర్చుతో స్నోబోర్డింగ్: బలద్ నుంచి ఒక తండ్రి లెక్కలు

స్నోబోర్డింగ్ గురించి మాట్లాడమంటే ముందు నాకే నవ్వొచ్చింది. నేనుండేది జెద్దా పాతబస్తీ బలద్‌లో. ఇక్కడ జనవరిలో కూడా మధ్యాహ్నం వేళ చొక్కా తడుస్తుంది. మంచు అనేది ఇంతవరకు ఫ్రిజ్‌లో తప్ప నేను చూడలేదు. అయినా రెండేళ్లుగా ఆ ఆటకయ్యే ఖర్చు లెక్కలు నా జేబు పుస్తకంలోనే ఉన్నాయి. ఎందుకో చెబుతాను.

మాది కోనసీమ. బలద్‌లో ఒక బట్టల కొట్లో సేల్స్‌మన్‌గా పని చేస్తున్నాను. 2017 జూలైలో ఇక్కడ మనమీద ఆధారపడిన కుటుంబ సభ్యులకు ఫీజు పెట్టారు. తలకి నెలకి 100 రియాళ్లతో మొదలై 2020కి 400 అయింది. నా జీతం దానికి సరిపోలేదు. మా ఆవిడనీ అమ్మాయినీ రాజోలు పంపేశాను. అమ్మాయి అక్కడే డిగ్రీ పూర్తి చేసి, బ్యాంకు లోను మీద పై చదువుకి కెనడాలో కాల్గరీ వెళ్లింది.

మొదటి చలికాలం. ఒక గురువారం రాత్రి పదకొండింటికి కొట్టు కట్టేస్తుంటే ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. "క్లాసులో అందరూ శనివారం స్నోబోర్డింగ్‌కి వెళ్తున్నారు నాన్నా. నాకు పనుందని చెప్పేశాను" అంది. పనేమీ లేదని నాకు తెలుసు. అలా చెప్పడం అది మూడోసారి. నాలుగోసారి ఎవరైనా పిలుస్తారా?

"ఎంతవుతుందమ్మా?" అని అడిగాను. కొత్త బోర్డు, కాళ్లని దానికి బిగించే బైండింగులు, బూట్లు మూడూ కలిపితే తన నెల అద్దె కన్నా ఎక్కువ చెప్పింది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత నేనే ఒక సలహా ఇచ్చాను, అదే మేం చేసిన మొదటి తప్పు. "పాతది చౌకగా దొరుకుతుందేమో చూడు" అన్నాను. ఎవరో సీనియర్ అమ్ముతుంటే కొనుక్కుంది. బోర్డు పొడుగు 158 సెంటీమీటర్లు, మా అమ్మాయి పొడుగు 155. బోర్డు నిలబెడితే ఇంచుమించు మన గడ్డానికీ ముక్కుకీ మధ్య ఉండాలట. అంతకన్నా ముఖ్యం బరువు, ఏ బోర్డు ఎన్ని కిలోల మనిషికో కంపెనీ పట్టికలో ఉంటుంది. ఇవేవీ మాకు తెలియవు. పైగా కొన్ని బోర్డులకి బైండింగు బిగించడానికి నాలుగేసి బెజ్జాలుంటాయి, కొన్నిటికి మూడేసి, కొన్నిటికి పొడుగాటి గాడి. ఆ బోర్డుకీ దానితో ఇచ్చిన బైండింగుకీ పొత్తు కుదరలేదు. డబ్బు పోయింది. బోర్డు ఇప్పటికీ తన గదిలో గోడకి ఆనుకునే ఉంది.

అందుకని నా మొదటి మాట: మొదటి ఏడాది బోర్డు కొనకండి. అద్దెకి తీసుకోండి. కాల్గరీ విశ్వవిద్యాలయంలో అవుట్‌డోర్ సెంటర్ ఉంది, అక్కడ సామాను అద్దెకిస్తారు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటివి ఉన్నాయి, మన పిల్లలే అటు తొంగిచూడరు. కొండ కూడా అంతే. స్నేహితులు వెళ్లేది లేక్ లూయిస్ లాంటి పెద్ద కొండలకి. దూరం ఎక్కువ, లిఫ్టు టికెట్ ఖరీదు ఎక్కువ. నిలబడటం రానివాళ్లకి అంత కొండ దేనికి? 1988 ఒలింపిక్స్‌కి వాడిన చిన్న కొండ కాల్గరీ ఊళ్లోనే ఉంది. మా అమ్మాయి ఒక మామూలు రోజు సాయంత్రం అక్కడికే వెళ్లింది. ఒక్క పాఠానికి మాత్రం డబ్బు పెట్టమన్నాను. స్నేహితులు నేర్పుతామంటారు, పైకి తీసుకెళ్లి వదిలేస్తారు.

ఇక బట్టలు. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఏమనుకోకండి. ఈ ఎండలో రోజంతా "కాటన్ తీసుకోండి సార్" అని చెప్పే నేను, మంచుకి మాత్రం కాటన్ వద్దంటాను. కాటన్ నీళ్లు పీల్చుకుంటుంది, తొందరగా ఆరదు. ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. జీన్స్ ఇంకా ఘోరం. ఒంటికి ఆనేది పాలియెస్టరో ఉన్నో ఉండాలి. దాని మీద ఫ్లీస్. అన్నిటికన్నా పైన నీళ్లు దిగని గుడ్డ. ఆ గుడ్డ మీద 10,000 అని రాసుంటుంది. అంటే పది మీటర్ల ఎత్తు నీటి బరువుని ఆపుతుందని, ఆ అంకె మిల్లీమీటర్లలో. కుట్ల లోపలివైపు టేపు అంటించి ఉందో లేదో కూడా చూడండి, నీరు దిగేది సూది బెజ్జాల్లోంచే. నేర్చుకునేవాళ్లు సగంసేపు మంచులో కూర్చునే ఉంటారు కాబట్టి, డబ్బు తక్కువైతే జాకెట్ కన్నా ప్యాంటు మీద పెట్టండి. మేజోళ్లు ఒక్క జతే వేసుకోవాలి. రెండు జతలు వేస్తే బూటులో పాదం బిగిసి రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది.

తబూక్ వైపు చలికి వెళ్లేవాళ్ల కోసం చలికాలంలో బలద్‌లో థర్మల్స్ పెడతారు. నేను బేరమాడి పాలియెస్టర్‌వి రెండు జతలు కొని, కెనడా వెళ్లే తెలిసినాయన చేతికిచ్చి పంపాను. పాత జాకెట్, పాత ప్యాంటు కొనుక్కోవచ్చు. హెల్మెట్ మాత్రం పాతది వద్దు, లోపల పగులు కంటికి కనబడదు.

మా అమ్మాయికి ముందు ఏ కాలు పెట్టాలో తెలియలేదు. మేజోళ్లతో నున్నటి నేల మీద పరుగెత్తి జారితే ఏ కాలు ముందుకొస్తే అదేనట. కొట్టు మూశాక టైల్స్ మీద నేనూ జారి చూశాను. మా మలయాళీ సహోద్యోగి నాకేదో అయిందనుకున్నాడు.

కొత్తవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకి. పడేటప్పుడు చేతులు చాస్తాం కాబట్టి. పిడికిలి బిగించి, ముందుకైతే మోకాళ్ల మీదా ముంజేతుల మీదా, వెనక్కైతే పిరుదుల మీదా పడాలి. మణికట్టు గార్డులు కొనడానికి వెనకాడకండి, ఆసుపత్రి కన్నా చౌక. స్టూడెంట్ ఇన్సూరెన్సులో ఈ ఆట దెబ్బలు వస్తాయో రావో ముందే చదవండి.

చిన్నపిల్లలున్న కెనడా వాళ్లకి ఒక మాట. నాలుగు, అయిదు తరగతుల పిల్లలకి అక్కడి స్కీ కౌన్సిల్ స్నోపాస్ ఇస్తుంది. కొద్దిపాటి రుసుముతో, అందులో చేరిన ఒక్కో కొండ మీద కొన్నిసార్లు లిఫ్టు ఎక్కొచ్చు. అమెరికాలో యూటా, కొలరాడోల్లో కూడా బడిపిల్లలకి ఇలాంటి పాసులున్నాయి. గల్ఫ్ వాళ్లకి 2005లో తెరిచిన స్కీ దుబాయ్ ఉంది. వాలు 400 మీటర్లే, కానీ బోర్డు, బూట్లు, జాకెట్, ప్యాంటు టికెట్‌లోనే ఇస్తారు. ఆగడం, తిరగడం రానివాళ్లు ముందు పాఠం తీసుకోవాలి.

శుక్రవారాలు నసీఫ్ ఇంటి దగ్గర వేపచెట్టు కింద కూర్చుని ఇవన్నీ చదువుతుంటాను. ఒకప్పుడు జెద్దా మొత్తానికీ ఆ చెట్టొక్కటే ఉండేదని చెబుతారు. అక్కడే ఇంకో సంగతి చదివాను. 1965 క్రిస్మస్ రోజున మిచిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్లు ఆడుకోవడానికి రెండు స్కీలని కలిపి బిగించాడు. స్నోబోర్డుకి ముత్తాత అదే. 1998లో నగానో ఒలింపిక్స్‌కి ఎక్కిన ఆట అలా మొదలైంది. అమ్మాయికి చెబితే "ఆయన కొనలేదు కదా నాన్నా, చేశాడు" అంది.

నాలుగోసారి వాళ్లు పిలవలేదు. ఊళ్లో కొండ మీద మూడుసార్లు నేర్చుకున్నాక తనే వాళ్లని పిలిచింది, సాయంత్రం టికెట్ చౌక అని. ఇద్దరొచ్చారట. ఈ రెండో చలికాలం కూడా బోర్డు అద్దెదే. సీజన్ చివర, మార్చి, ఏప్రిల్ నెలల్లో ధరలు తగ్గుతాయి కాబట్టి ముందు బూట్లు కొందామనుకున్నాం, ఎందుకంటే అద్దె బూట్లే ఎక్కువ బాధపెడుతున్నాయి. పాదం 24 సెంటీమీటర్లు. మేజోడు వేసుకుని కొలవమన్నాను.