పోల్చి చూపే వ్యాపారం: రెడ్‌బస్, అభిబస్ విక్రయాలు – గోదావరి డెల్టా ప్రయాణికుడు

సంక్రాంతికి ముందు హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం వచ్చే ప్రైవేటు బస్సుల్లో సీటు కోసం ఇప్పుడు ట్రావెల్స్ కార్యాలయాల చుట్టూ తిరిగేవారు తక్కువ. పలు సంస్థల ఛార్జీలను, వేళలను, రేటింగులను మొబైల్ తెరపై పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. ఇలా పోల్చి చూపడమూ ఒక వ్యాపారమే. దానినీ కొంటారు, అమ్ముతారు. తెలుగువారు స్థాపించిన రెడ్‌బస్, అభిబస్ సంస్థలు చేతులు మారిన తీరును, వాటి భవిష్యత్తును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2005 దీపావళికి బెంగళూరు నుంచి సొంతూరు వెళ్లేందుకు టికెట్ దొరకకపోవడమే రెడ్‌బస్ ఆలోచనకు మూలమని నిజామాబాద్‌కు చెందిన ఫణీంద్ర సామ చెబుతూ వచ్చారు. సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో ఆయన ఆ సంస్థను ప్రారంభించారు. అప్పటి చిక్కు సీట్ల కొరత కన్నా సమాచారపు కొరత. బస్సు యజమాని సీట్లను ఏజెంట్లకు కోటాలుగా పంచేవాడు. ఒకరి దగ్గర మిగిలినవి మరొకరికి తెలిసేవి కావు. ఒక ఏజెంటు ‘లేవు’ అన్న బస్సే ఖాళీ సీట్లతో కదిలే వీలుండేది. రెడ్‌బస్ యజమానులకు ‘బాస్’ అనే సాఫ్ట్‌వేర్‌ను, ఏజెంట్లకు ‘సీట్ సెల్లర్’ వేదికను సమకూర్చింది. ప్రయాణికుడికి కనబడేది ఛార్జీల పట్టిక మాత్రమే. సంస్థ అసలు ఆస్తి దాని వెనుకనున్న సీట్ల లెక్క.

ఈ తేడా జంగ్లీ ఉదంతంతో స్పష్టమవుతుంది. 1996లో అమెరికాలో భారతీయ ఇంజనీర్లు నెలకొల్పిన జంగ్లీ, ఇతర వెబ్‌సైట్లలోని ధరలను సేకరించి ఒకచోట చూపేది. 1998లో అమెజాన్ దానిని కొన్నది. 2012లో అదే పేరుతో భారతదేశంలో ధరల పోలిక వెబ్‌సైటు తెరిచింది. విదేశీ సంస్థలు ఆన్‌లైన్‌లో నేరుగా వినియోగదారులకు చిల్లర అమ్మకాలు చేయడాన్ని నిబంధనలు అనుమతించని కాలమది. 2013లో ఇతర విక్రేతల సరుకు అమ్మిపెట్టే సొంత వేదికను అమెజాన్ ఇక్కడ ప్రారంభించాక జంగ్లీ అవసరం తగ్గిపోయి, చివరకు మూతపడింది. దానికి ధరలు తెలుసు, సరుకుపై పట్టు లేదు.

రెడ్‌బస్ కథ వేరుగా నడిచింది. 2013 జూన్‌లో ఐబిబో గ్రూపు దానిని కొన్నది. దక్షిణాఫ్రికాకు చెందిన నాస్పర్స్, చైనాకు చెందిన టెన్సెంట్ ఐబిబో వెనుకనున్న పెట్టుబడిదారులు. 2017లో ఐబిబో మేక్‌మైట్రిప్‌లో కలిసింది. యాజమాన్యం రెండుసార్లు మారినా పేరు, పని నిలిచాయి. మలేషియా, ఇండోనేషియా, పెరూ, కొలంబియాలకూ విస్తరించాయి. హైదరాబాదులో 2008లో సుధాకర్ రెడ్డి చిర్రా స్థాపించిన అభిబస్ వ్యాపారం 2021లో ఇక్సిగో చేతికి వెళ్లింది. ఇక్సిగో తానే ప్రయాణ ఛార్జీలను పోల్చి చూపే సంస్థగా మొదలైంది. 2024 జూన్‌లో దాని వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజీలకెక్కాయి.

ఇక్కడ పరిశోధకుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రాజమహేంద్రవరం తాడితోట వస్త్ర మార్కెట్లో నాలుగు దుకాణాలు తిరిగి చీర బేరమాడేవారి శ్రమ వారిదే, తీర్పూ వారిదే. వెబ్‌సైటులో మన తరఫున తిరిగే సంస్థకు కమీషను ఇచ్చేది అమ్మేవాడు. పెద్ద ట్రావెల్స్‌కు సొంత యాప్‌లున్నాయి, ఆర్టీసీకి సొంత రిజర్వేషన్ వ్యవస్థ ఉంది. రెండు మూడు బస్సులున్న కోనసీమ యజమానికి మాత్రం ఆ పట్టికలో కనబడటానికి కమీషను తప్పదు. పోల్చే సంస్థల ముందుకాలం ఈ చిన్న యజమానుల మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా అభిప్రాయం.

ప్రయాణికుడి లాభమూ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. సీట్లు మిగిలే ఆషాఢంలో పోలిక ఛార్జీని దించగలదు. సంక్రాంతికి అందరూ పెంచినప్పుడు అదే పట్టిక పెరిగిన ధరలను వరుసగా చూపి ఊరుకుంటుంది. ఒక యజమాని ఎంత పెంచాడో చూసి మరొకడు పెంచడానికీ అది వీలు కల్పిస్తుంది. ఏ పండుగకు ఎంత పెరిగిందో తేల్చడానికి కావలసిన లెక్కలు ఆ సంస్థల సర్వర్లలోనే ఉంటాయి. సంస్థ అమ్ముడైతే అవీ దానితోపాటే చేతులు మారతాయి. డెల్టా రవాణాపై సిద్ధాంత గ్రంథం రాయదలచిన విద్యార్థి ఇప్పటికీ పాత టికెట్లు, పండుగనాటి జిల్లా పత్రికలు పోగుచేసుకుని పని మొదలుపెట్టవలసి ఉంటుంది.