విద్యుత్ హెలికాప్టరు నమూనాలు: మోటారు, బ్యాటరీల సంరక్షణ

'మరమ్మతు' అనే మాట ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి మన ఇంటిమాట అయినది. 'హిఫాజత్' అనే మాట మాత్రం అంతగా వాడుకలోకి రాలేదు. యంత్రాల విషయంలో మన అలవాటు కూడా ఇట్లే ఉన్నది. చెడిన తరువాత మరమ్మతుకు పరుగెత్తుదుము గాని, చెడకుండా కాపాడుకొనుటకు పూనుకొనము. మన బన్సీలాల్‌పేట మెట్లబావియే ఇందుకు నిదర్శనం. ఆలనాపాలనా లేక అది చెత్తతో పూడిపోయినది. పూడిక తీసి, పునరుద్ధరించి 2022 డిసెంబరు 5న తిరిగి ప్రారంభించుటకు ఎంత శ్రమ పట్టినదో ఈ పేటవాసులకు తెలియును. రేడియో సంకేతాలతో నడిచే చిన్న విద్యుత్ హెలికాప్టరు పట్ల అశ్రద్ధ చూపినచో, బాగుచేసుకొనే అవకాశం కూడా మిగలకపోవచ్చును.

ఇది ఆటవస్తువే గదా అని కొందరు అనవచ్చును. కాని 2021 సెప్టెంబరులో వికారాబాదులో డ్రోన్ల ద్వారా టీకాలు, మందులు పంపే ప్రయోగాలు ప్రారంభమైనవి. నేడు పొలాలపై మందు చల్లే డ్రోన్లలో కూడా సాధారణంగా ఉండేవి ఇటువంటి మోటార్లు, బ్యాటరీలే. చిన్న నమూనాపై చేయి తిరిగిన విద్యార్థికి రేపు ఆ విద్యయే జీవనాధారం కాగలదు.

మోటారు

మోటార్లు రెండు విధములు. చవకరకపు బొమ్మలలో బ్రష్‌లు గల మోటారు ఉండును. లోపల తిరిగే తీగచుట్టకు బ్రష్‌లు ఒరుసుకొనుచు విద్యుత్తు నందించును. ఆ ఒరిపిడి వలన అవి అరిగిపోవుట సహజం. అట్టి మోటారు ఆయువు కొన్ని గంటలే కనుక దానిని మార్చుకొనుటయే దారి. పెద్ద నమూనాలలో బ్రష్‌లు లేని మోటారు వాడుదురు. ఇందులో తీగచుట్టలు కదలవు, అయస్కాంతాలు తిరుగును. స్పీడ్ కంట్రోలరు మూడు తీగల గుండా వంతులవారీగా విద్యుత్తును పంపును. ఇందు ముఖ్యంగా అరిగేవి బేరింగులే.

ఒక ఉదాహరణ చూతము. వోల్టుకు నిమిషానికి 3500 చుట్లు తిరిగే మోటారుకు 11.1 వోల్టుల బ్యాటరీ తగిలించినచో, లెక్క ప్రకారం భారం లేనప్పుడు అది నిమిషానికి 38,850 చుట్లు తిరుగును. ఇంత వేగాన తిరిగే ఇరుసుకు ఇసుకరేణువు కూడా శత్రువే. కనుక బ్యాటరీ తీసివేసి, మోటారును చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. అయస్కాంతాల వలన ఆగి ఆగి కదలుట సహజం. గరగరమను శబ్దం వచ్చినచో బేరింగు చెడినదని గ్రహించవలెను. సన్నని నూనె ఒక్క చుక్క చాలును. అధికమైనచో దుమ్మును ఆకర్షించును.

మోటారుకు వేడి మరొక శత్రువు. సాధారణ నియోడిమియం అయస్కాంతాలు సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో శక్తిని కోల్పోవును. అతివేడికి తరచు కారణం పళ్ళచక్రాల బిగువు. చిన్న చక్రానికి, పెద్ద చక్రానికి నడుమ పలుచని కాగితపు ముక్క నుంచి మోటారును బిగించి, పిదప కాగితమును లాగివేయవలెను. కాగితంపై మడతలు పడవలెను గాని అది చిరగరాదు.

బ్యాటరీ

లిథియం అయాన్ బ్యాటరీని రూపొందించినందుకు గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి లభించినది. మన నమూనాలలోని లిథియం పాలిమర్ బ్యాటరీ ఆ కుటుంబానికి చెందినదే. దీని ప్రతి సెల్లు 3.7 వోల్టులది. నిండినప్పుడు 4.2 వోల్టులు ఉండును. 3 వోల్టులకు దిగువకు జారనీయరాదు. జారినచో లోపలి రాగిరేకు కరగి, తిరిగి ఛార్జి చేసినప్పుడు లోలోపలనే షార్టు సర్క్యూటు కాగలదు.

అందుచేత బ్యాటరీలో నూటికి ఎనభై వంతులే వాడుట మంచిది. 2200 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీలో ఎనభై వంతులనగా 1760. సగటున 20 ఆంపియర్లు వాడే హెలికాప్టరుకు ఇది ఐదు నిమిషాలకు కొంచెము మించి వచ్చును. గడియారంలో ఐదు నిమిషాలకే గంట పెట్టుకొనవలెను. ఛార్జి చేయుటకు 2.2 ఆంపియర్లు చాలును. ఛార్జరు ప్రతి సెల్లును సమానంగా నింపేదై యుండవలెను. వేడిగా నున్న బ్యాటరీని చల్లారనిచ్చిన పిదపనే ఛార్జి చేయవలెను.

పరీక్షల రోజులలో హెలికాప్టరును అటకపై పెట్టునప్పుడు సెల్లుకు సుమారు 3.8 వోల్టులు మాత్రమే ఉంచవలెను. నిండు బ్యాటరీని మే నెల ఎండవేడిమిలో వదలినచో లోపలి రసాయన చర్యలు వేగమై, వాయువు పుట్టి అది ఉబ్బును. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు, గ్రుచ్చరాదు, చెత్తకుండీలో వేయరాదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే వారికే అప్పగించవలెను.

ప్రమాదం, జాగ్రత్త

2022 సెప్టెంబరు 12న మన సికింద్రాబాదులోనే, విద్యుత్ స్కూటర్ల ప్రదర్శనశాల ఉన్న ఒక భవనంలో మంటలు చెలరేగి, పొగ పై అంతస్తుల హోటలుకు ప్రాకి ఎనిమిది మంది మరణించారు. మన నమూనా బ్యాటరీ చిన్నదే గాని దాని స్వభావం వేరు కాదు. ఒక సెల్లు అంటుకొనినచో ఆ వేడికి పక్క సెల్లు కూడా అంటుకొనును. విషవాయువులు వెలువడును. మన పేటలోని ఇరుకు ఇండ్లలో ఒకే ద్వారం, ఒకే మెట్లవరుస ఉండుట సామాన్యం. కనుక ద్వారం వద్ద గాని, మెట్ల క్రింద గాని, పరుపుపై గాని బ్యాటరీని ఛార్జి చేయరాదు. రాతి నేలపై, బట్టలకు దూరంగా, మెలకువగా నున్నప్పుడే చేయవలెను. ప్రక్కన ఇసుక డబ్బా ఉండవలెను.

బేగంపేట విమానాశ్రయం మనకు దాపున ఉన్నందున, ఎగురవేయుటకు ముందు డిజిటల్ స్కై పటంలో అనుమతి గల ప్రదేశమేదో చూచుకొనుట కూడా మన బాధ్యత.

ఒక నోటుపుస్తకంలో ప్రతి బ్యాటరీకి సంఖ్య వేసి, ఛార్జి చేసిన తేదీ, ఎగిరిన నిమిషాలు, దిగిన పిదప ఉన్న వోల్టులు వ్రాసుకొనిన విద్యార్థి, బ్యాటరీ నీరసించుటను ముందుగానే పసిగట్టగలడు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక రాతిబల్ల, ఒక మంచి ఛార్జరు, ఒక ఇసుక డబ్బా ఏర్పాటు చేసినచో విద్యార్థులు ఇండ్లలో కాక అధ్యాపకుల పర్యవేక్షణలో ఈ పని నేర్చుకొనగలరని కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మనవి చేయుచున్నాము.