స్ప్రింగు, షాక్ అబ్జార్బరు: పాత కారు నేర్పిన పాఠము

పాత చిన్న కారు నొకదానిని కొని, దానిని నేలకు దగ్గరగా దించి నడుపవలెనను ముచ్చట నేటి యువకులలో మెండుగా కనిపించుచున్నది. మేమును ఆ ముచ్చటకు లోనైనవారమే. మేము అన్నదమ్ములము కలిసి 1998 నాటి మారుతీ జెన్ కారును కొని, తెలిసిన ఉస్తాదు నొకనిని బ్రతిమాలి, నాలుగు స్ప్రింగులకును ఒక్కొక్క చుట్టు కోయించితిమి. చూచుటకు కారు ముద్దుగానే ఉండెను. మూడవ వారమున అమ్మను వెనుక సీటులో కూర్చుండబెట్టుకొని పోవుచుండగా, స్పీడ్ బ్రేకరు తగిలి ఇంజను క్రిందనున్న ఆయిల్ సంపు పగిలినది. ఎర్రదీపము వెలిగినను గమనింపక మరికొంత దూరము నడిపితిమి. ఇంజను బిగుసుకొనిపోయినది. ఫీజుకై దాచిన సొమ్ము మరమ్మతుకు పోయెను. అమ్మ నడుము నొప్పి నెలరోజుల వరకు తగ్గలేదు. ఆ పిమ్మట తెలిసికొన్న విషయములను, ఆ క్రమము ముందుగానే తెలిసియుండిన ఎంత బాగుండెడిదో యను చింతతో, మా తోడి విద్యార్థుల ముందుంచుచున్నాము.

స్ప్రింగు చేయు పని

స్ప్రింగు ఎంత బలముతో నొక్కబడునో, అంతకు తగినట్లు కుదించుకొనునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. ఇంటర్మీడియట్ తరగతిలో మనమందరము చదివిన సూత్రమే యిది. చుట్ట స్ప్రింగు యొక్క గట్టిదనము తీగ మందము యొక్క నాలుగవ ఘాతమును అనుసరించి పెరుగును. చుట్టు వ్యాసము యొక్క మూడవ ఘాతమును, పనిచేయు చుట్ల సంఖ్యను అనుసరించి తగ్గును. కావున ఆరు చుట్లలో ఒకటి కోసినచో స్ప్రింగు పొట్టిదగుటయే గాక, ఐదింట ఒక వంతు గట్టిపడును కూడ. ఈ రెండవ సంగతి కోయించువారికి తరచుగా తోచదు.

లెక్కకొరకు కొన్ని అంకెలను అనుకొందము. ముందు స్ప్రింగుపై 220 కిలోగ్రాముల భారము కలదు. దాని గట్టిదనము మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. అప్పుడది 108 మిల్లీమీటర్లు కుదించుకొని నిలుచును. దానికి బదులు 26 న్యూటన్ల స్ప్రింగును వేసినచో, అది 83 మిల్లీమీటర్లే కుదించుకొనును. కారు 30 మిల్లీమీటర్లు దిగవలెనన్న, క్రొత్త స్ప్రింగు విడిగా నున్నప్పుడు పాతదానికంటె 55 మిల్లీమీటర్లు పొట్టిగా ఉండవలెను. "30 మిల్లీమీటర్లు దించు స్ప్రింగు" అనగా 30 మిల్లీమీటర్లు పొట్టియైనది కాదని దీనివలన తేలుచున్నది.

ఇక గోతిలో పడినప్పటి సంగతి. చక్రము పైకి లేచుటకు మొదట 70 మిల్లీమీటర్ల చోటుండెననుకొనిన, ఇప్పుడు 40 మాత్రమే మిగులును. స్ప్రింగు నిలువచేయు శక్తి కుదింపు వర్గమును అనుసరించును. కనుక అదే దెబ్బను ఆ కొద్ది చోటులో ఆపుటకు, బంప్ రబ్బరు సాయము లేనిచో, మూడు రెట్లు గట్టి స్ప్రింగు కావలెను. మనము వేసినది మూడింట ఒక వంతైనను ఎక్కువ గట్టిది కాదు. మిగిలిన దెబ్బ రబ్బరుకును, బాడీకిని, కూర్చున్నవారి వెన్నుకును తగులును.

షాక్ అబ్జార్బరు ఏల మార్చవలెను

పేరును బట్టి షాక్ అబ్జార్బరే దెబ్బను మ్రింగునని పలువురు భావింతురు. దెబ్బను తీసికొనునది స్ప్రింగు; దాని ఊగిసలాటను అణచునది షాక్ అబ్జార్బరు. లోపలి పిస్టను రంధ్రముల గుండ నూనె త్రోయబడి, ఊపు శక్తి వేడిగా మారును. సామాన్యముగా చక్రము క్రిందికి జారునప్పుడు ఇది ఎక్కువగా అడ్డగించును. పైకి లేచునప్పుడు తక్కువగా అడ్డగించును.

ఊపు వెంటనే ఆగుటకు కావలసిన అణచివేత గట్టిదనముయొక్క వర్గమూలమును అనుసరించును. స్ప్రింగు నూటికి 30 పాళ్లు గట్టిపడినచో అణచివేత సుమారు 14 పాళ్లు పెరుగవలెను. అరిగిన పాత షాక్ అబ్జార్బరు ఉన్న అణచివేతనే ఈయలేదు. అధికముగా ఎక్కడినుండి తెచ్చును? కారు గుర్రమువలె ఎగురుచు పోవును. చక్రము రోడ్డును వదలును. బ్రేకు పట్టు తప్పును. అట్లని మితిమీరి బిగుతైనదియు తగదు. అది స్ప్రింగును తిరిగి సాగనీయక, వరుస గతుకులపై కారును మరింత క్రిందికి నొక్కివేయును.

కొలత విషయమున మరియొక చిక్కు కలదు. పై లెక్కలోని పాత షాక్ అబ్జార్బరు, చక్రము 80 మిల్లీమీటర్లు వ్రేలాడుటకు చోటిచ్చెననుకొందము. కారు దిగిన పిమ్మట ఆ చోటు 110 అగును. క్రొత్త స్ప్రింగు కుదింపు 83 మాత్రమే. చక్రము గాలిలోనికి లేచినప్పుడు స్ప్రింగు 27 మిల్లీమీటర్లు వదులై, తన గిన్నెలో నుండి తొలగవచ్చును. పొట్టి స్ప్రింగుకు పొట్టి షాక్ అబ్జార్బరునే జతపరచుటకు కారణమిదియే. కోసిన స్ప్రింగుకు గిన్నెలో ఒదుగు కొసయు ఉండదు. గ్యాసు మంటతో కాల్చి దించినదానికి ఉక్కు పదునే చెడును.

దించుకొలది మేలా?

జెన్ కారు ముందు భాగమున మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక కలదు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన ఈ పద్ధతి 1950లో ఫోర్డ్ కాన్సల్ కారుతో ప్రసిద్ధి పొందెను. ఇందు కారును మిక్కిలి దించినచో క్రింది ఆర్ము చక్రమువైపు పైకి వాలును. అప్పుడు బాడీ ఏ బిందువుచుట్టు ఒరుగునో ఆ బిందువు, కారు గరిమనాభికంటె వేగముగా క్రిందికి దిగును. రెంటి నడుమ దూరము పెరిగి, మలుపులలో కారు మరింత ఒరుగజూచును. తగ్గించినకొలది నిలకడ పెరుగుననుట భ్రమ. 1976లో అమ్మకమునకు వచ్చిన గోల్ఫ్ జి.టి.ఐ. కారును తయారుచేసినవారే కొద్దిగా దించిరి. అయితే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, ఒరుగుడు ఆపు కడ్డీలు అన్నియు కలిపి సరిచూచిన పిదపనే దించిరి.

ఎన్నుకొను విధము

మొదట బుష్‌లు, బాల్ జాయింట్లు, తుప్పు పరీక్షింపవలెను. చక్రపు నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచు వరకు గల ఎత్తును నాలుగు ప్రక్కల కొలిచి వ్రాసికొనవలెను. స్ప్రింగులును, షాక్ అబ్జార్బర్లును ఆ మోడలుకే చేయబడినవై, ఒకదానికొకటి సరిపడునని తయారీదారు వ్రాసియిచ్చినవై ఉండవలెను. కుడియెడమలు జతగా మార్చవలెను. బంప్ రబ్బరును, స్ట్రట్ పై మౌంటును క్రొత్తవి వేయుట మంచిది. బిగించిన స్ప్రింగులో ప్రాణము తీయగల శక్తి దాగియుండును. తగిన కంప్రెసరు లేక దానిని విప్పరాదు. రబ్బరు బుష్‌ల బోల్టులను కారు భారము చక్రములపై నున్నప్పుడే చివరిగా బిగింపవలెను. పిదప వీల్ అలైన్‌మెంటును, హెడ్‌లైట్ల వాలును సరిచేయించవలెను.

వీటన్నిటికంటె ముందు చట్టమును చూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను వాహనమును మార్చుటకు హద్దులు విధించినది. తయారీదారు నిర్దేశించిన స్వరూపమునకు భిన్నముగా మార్పులు చేయరాదని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పినది. రిజిస్ట్రేషను అధికారిని అడుగక చేసిన మార్పు, ప్రమాద సమయమున ఇన్సూరెన్సు సొమ్ముకు అడ్డు రావచ్చును.

చివరకు మేము చేసినదేమి? కోసిన స్ప్రింగులను పారవేసి, అసలు ఎత్తు గల క్రొత్త స్ప్రింగులను, క్రొత్త షాక్ అబ్జార్బర్లను జతగా వేయించితిమి. కారు దిగలేదు, కాని మలుపులలో మునుపటికంటె నిలకడగా తిరుగుచున్నది. మేము కోరినది నిజముగా ఆ నిలకడనే, ఎత్తు తగ్గుటను కాదని అప్పుడు గాని మాకు తెలియలేదు. ఇప్పుడు అమ్మ మరల వెనుక సీటులో కూర్చుండుచున్నది. రంపము చేతబట్టుటకు ముందు ఒక కాగితముపై నాలుగు అంకెలు వేసి చూడుడని మా తోడి విద్యార్థులకు మనవి చేయుచున్నాము.