గిత్త పందేనికి వచ్చేదాకా

చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో ఎద్దుకు ఒకప్పుడు రెండు పనులుండేవి. క్రషింగు సీజనంతా గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి, బెల్లం గానుగలకు చెరకు తోలేది. సంక్రాంతికి, ఆ తర్వాత వరసగా వచ్చే అమ్మవారి తీర్థాలకు బండి కట్టించుకుని పరుగు తీసేది. ట్రాక్టర్లు వచ్చాక మొదటి పని చాలామటుకు పోయింది, రెండోది మిగిలింది. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో ఇవాళ ఖరీదైన దాణా పెట్టి జత ఎడ్లను పోషించే రైతు ఉన్నాడంటే, అందులో పందెం మీది మమకారమే ఎక్కువ.

ఉత్తరాంధ్రలో జరిగేది వేగం పందెం. జతను తేలికపాటి బండికి కట్టి తోలుతారు. నిర్ణయించిన దూరాన్ని తక్కువ సమయంలో దాటిన జతది గెలుపు. గుంటూరు, ప్రకాశం వైపు బండలాగుడులో బలం చూస్తారు. అక్కడ ఇచ్చిన సమయంలో రాతిబండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. పళ్లను బట్టి విభాగాలుంటాయి కాబట్టి బరిలోకి దిగే ముందు నోరు తెరిపించి చూస్తారు. పాలపళ్లు ఊడి మొదటి జత వచ్చేది సుమారు రెండేళ్లకు. ఎనిమిది పళ్లూ పూర్తయ్యేసరికి దాదాపు అయిదేళ్లు. బండలాగుడుకు బరువైన ఒంగోలు గిత్త కావాలి. పరుగుకు ఒళ్లు తేలిగ్గా, కాళ్లు పొడుగ్గా ఉన్న పశువు కావాలి. ఒక పందేనికి పనికొచ్చిన జత రెండోదానికి పనికిరావడం అరుదు.

పెంపకమంతా దూడను ఎంచుకోవడంతో మొదలవుతుంది. అనుభవం ఉన్న రైతు ముందు తల్లిని చూస్తాడు. తర్వాత దూడను నడిపించి, పక్కన నిలబడి అడుగులు గమనిస్తాడు. ముందరి కాలు తీసిన జాడలోనే వెనక కాలు పడుతుంటే నడక తిన్నగా ఉన్నట్టు. గిట్టల మధ్య సందు విడిపోకూడదు, మడమ దగ్గర కాలు మరీ నిటారుగా ఉండకూడదు, ఛాతీ వెడల్పుగా ఉండాలి. ఒంటి మీద సుడులు కూడా చూస్తారు. సుడికీ వేగానికీ సంబంధం లేదు, అయినా చెడ్డ సుడి ఉందంటే బేరం అక్కడే పడిపోతుంది.

ఏడాది దాటాక ముకుతాడు వేస్తారు. ఆపైన ఓపిక పనే. ముందు పగ్గం పట్టి నడిపిస్తారు, ఆ తర్వాత పని తెలిసిన ముసలి ఎద్దు పక్కన కాడికి కడతారు, చివరికి ఖాళీ బండి. బుగతను గుర్తుపట్టి, పిలుపుకు చెవి రిక్కించే దాకా వేగం జోలికి వెళ్లరు. కుదరని జతతో పందెం గెలవలేరు. దాపట ఎద్దు ఒక అడుగు ముందుకు లాగి, వలపటిది వెనకబడితే బండి పక్కకు పోతుంది, మెడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. అందుకే ఎత్తు, అడుగు, స్వభావం మూడూ కలిసే రెండోదానికోసం ఏళ్లతరబడి సంతలు తిరిగేవాళ్లున్నారు.

మేత సంగతికొస్తే, ఎండుగడ్డి, పచ్చిగడ్డి, చిట్టు, ఉడికించిన ఉలవలు, చెక్క. తప్పు జరిగేది ఇక్కడే. తీర్థం దగ్గరపడిందని దాణా ఒక్కసారిగా పెంచితే పొట్టలో ఆమ్లం పెరిగిపోతుంది, ఆ విషం గిట్టల్లోకి దిగి నొప్పితో పశువు అడుగు తీసి అడుగు వెయ్యలేదు. ఏడాది శ్రమ వారంలో పోతుంది. రోజుకు కొంచెం చొప్పున పెంచుకుంటూ, చెరువులో ఈదిస్తూ, దుక్కి చేలో నడిపిస్తూ ఒళ్లు గట్టిపరిచేవాడే మంచి పెంపకందారు.

ఇదే శ్రద్ధ అమెరికాలో మరో రూపం తీసుకుంది. అక్కడి రోడియోలో గిత్తకు బండి ఉండదు, వీపు మీద మనిషి ఉంటాడు. ఒంటి చేత్తో తాడు పట్టుకుని 8 సెకన్లు నిలవాలి. వందలో 50 మార్కులు మనిషికి, 50 గిత్తకు. గిత్త ఎంత ఎగిరితే, ఎంత గిర్రున తిరిగితే దాని యజమానికి అంత పేరు. బుష్‌వాకర్ అనే గిత్త ప్రధాన పోటీల్లో వరసగా 42 సార్లు రౌతును కింద పడేసింది, 2013లో జె.బి. మానీ దాని మీద 8 సెకన్లు నిలిచేవరకు. అలాంటి గిత్తల కోసమే టెక్సాస్, ఓక్లహోమా పశుక్షేత్రాల్లో తరాలుగా జత కడుతున్నారు. కుర్ర గిత్తల మీదికి మనిషిని ఎక్కించరు. రిమోట్‌తో ఊడిపడే చిన్న పెట్టె కట్టి ఎగురుడు చూస్తారు. రిజిస్టరులో ఎక్కించే ప్రతి దూడ తల్లిదండ్రులనూ డి.ఎన్.ఎ. పరీక్షతో నిర్ధారిస్తారు.

ఆ గిత్తల్లో చాలావాటి మూపురం వెనుక ఉన్నది బ్రాహ్మన్ జాతి. భారతదేశం నుంచి వెళ్లిన కాంక్రేజ్, గిర్, ఒంగోలు పశువుల కలయికతో ఆ జాతి తయారైంది. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన రక్తం అలా రోడియో బరిలోకీ చేరింది. బ్రెజిల్ కథ ఇంకా పెద్దది. 1960ల మొదట్లో అక్కడికి చేరిన గిత్తల్లో ఒకదాని పేరే కరవది. ఒంగోలు పక్కనున్న ఊరి పేరు అది. నెలోర్ పేరుతో ఇవాళ ఆ దేశపు పశుసంపదలో పెద్ద వాటా ఒంగోలు జాతిదే. ఇక్కడ లాం పరిశోధన కేంద్రం, చదలవాడ క్షేత్రం వంటివి మూల జాతిని కాపాడే పనిలో ఉన్నాయి.

పశువు బాధ సంగతి దాటవేయడానికి వీల్లేదు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతోపాటు ఎడ్లబండి పందేలనూ నిషేధించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టసవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. కానీ ములుకర్రతో పొడవడం 1965 నాటి పశుహింస నివారణ నిబంధనల ప్రకారమే తప్పు. పొడిస్తే తప్ప పరుగెత్తని ఎద్దు సరిగ్గా పెంచని ఎద్దు. దాన్ని బరిలోకి రానివ్వకపోవడమే పందేనికి గౌరవం.

మన దగ్గర లోపించింది రాతకోత. బండికి కట్టేవి ఎక్కువగా విత్తులు నొక్కించినవి, వాటికి సంతానం ఉండదు. ఎన్ని తీర్థాలు గెలిచినా ఆ ఎద్దు గుణం తర్వాతి తరానికి అందాలంటే దాని తల్లి ఎవరిదో, తండ్రి ఏ ఊరి ఆంబోతో తెలియాలి. ఆ వివరం పెంచినవాడి జ్ఞాపకంలో ఉంటుంది, అతనితోనే పోతుంది. పశువుల చెవులకు 12 అంకెల ట్యాగు వేయడం ఇప్పుడు ఊరూరా జరుగుతున్నదే. పళ్లు చూసే కమిటీ ఆ నంబరును, తల్లీతండ్రుల వివరాన్ని, పరుగు సమయాన్ని ఒక్క పుస్తకంలో రాసుకుంటే చాలు. పదేళ్లు తిరిగేసరికి ఏ ఆవు కడుపున పుట్టిన దూడను కొనాలో చోడవరం రైతుకు కాగితం మీదే కనిపిస్తుంది.