అమెరికా లా డిగ్రీతో యూరప్‌లో లాయరు కావచ్చా?



ఒకప్పుడు మన హాస్టల్లో ఇంటర్ కాగానే టి.టి.సి., బి.ఇడి. తప్ప వేరే మాట వినపడేది కాదు. ఇప్పుడు వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థులను పట్టుకుని "అన్నా, అమెరికాలో లా చదివి లండన్‌లోనో జర్మనీలోనో స్థిరపడొచ్చా?" అని అడిగేవారున్నారు. సంతోషం. స్థిరపడొచ్చు. అయితే డిగ్రీ వేరు, లైసెన్సు వేరు. ఈ తేడా తెలియక అప్పులు చేసి వెళితే కష్టం.

లెక్కలు నరసరావుపేటలోనైనా న్యూయార్కులోనైనా ఒకటే. చట్టం అలా కాదు. గురజాల కోర్టులో నడిచే చట్టం దేశం దాటితే చెల్లదు. అందుకే ఏ దేశానికి ఆ దేశం తన కోర్టు గుమ్మం దగ్గర వేరే పరీక్ష పెడుతుంది.

మన గోడల మీద ఫోటోగా ఉన్న అంబేడ్కర్ గారి చదువే చూడండి. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి 1915లో ఎం.ఎ. పూర్తిచేశారు. (అక్కడ ఆయన ప్రధానంగా చదివింది ఆర్థికశాస్త్రం. లా అని చాలామంది అనుకుంటారు.) 1916లో లండన్ వెళ్ళి గ్రేస్ ఇన్‌లో బారిస్టరు చదువుకు చేరారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో తిరిగి రావలసి వచ్చింది. బొంబాయిలో ప్రొఫెసరుగా పనిచేసి, డబ్బు సమకూర్చుకుని, 1920లో మళ్ళీ వెళ్ళి 1922లో బారిస్టరయ్యారు. కొలంబియా పట్టా ఎంత గొప్పదైనా వాదించే హక్కు మాత్రం గ్రేస్ ఇన్ నుంచే వచ్చింది. కొలంబియా ఆయనకు లా డాక్టరేటు ఇచ్చింది 1952లో, అదీ గౌరవార్థం.

ఇప్పటి సంగతి. అమెరికాలో అసలు లా డిగ్రీ జె.డి., ఏదైనా డిగ్రీ తర్వాత 3 ఏళ్ళు. మన ఎల్ఎల్.బి. చేసినవారు సాధారణంగా వెళ్ళేది ఏడాది ఎల్ఎల్.ఎం.కు. ఆ తర్వాత న్యూయార్క్ బార్ పరీక్ష రాయడానికి విదేశీ లా పట్టభద్రులకు కొన్ని షరతులతో అవకాశముంది. అది పాసై నమోదైతేనే అమెరికా లాయరు.

ఆ లైసెన్సుతో జర్మనీ వెళితే అక్కడి కోర్టులో జర్మన్ చట్టంపై వాదించనివ్వరు. అక్కడి లాయర్లు రెండు ప్రభుత్వ పరీక్షలు గట్టెక్కినవారు. అమెరికా లాయరు నమోదు చేయించుకుని తన దేశ చట్టం, అంతర్జాతీయ చట్టంపై సలహా ఇవ్వవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు లాయరు మరో దేశంలో పనిచేసే వీలు కల్పిస్తూ 1998లో ఆదేశం వచ్చింది గానీ, అది ఆ దేశాల పౌరులై అక్కడే అర్హత పొందినవారికే.

మరి అమెరికా డిగ్రీకి గిరాకీ ఎక్కడ? అమెరికా లా సంస్థలకు లండన్, పారిస్, ఫ్రాంక్‌ఫర్టుల్లో ఆఫీసులున్నాయి. పెద్ద పెద్ద బాండ్లు, అప్పుల ఒప్పందాలు చాలావరకు న్యూయార్క్ చట్టం కింద రాసుకుంటారు. ఆ పని వీరిదే. రెండోది ఆర్బిట్రేషన్, అంటే కంపెనీల తగాదాలను కోర్టు బయట తీర్చడం. 1923 నుంచి పారిస్‌లో, 1899లో ఏర్పడ్డ సంస్థ ద్వారా హేగ్‌లో ఇది నడుస్తోంది.

అసలు అమెరికా మెట్టు ఎక్కకుండానే యూరప్ చేరినవారూ ఉన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో లా చదివిన మన తెలుగువాడు పి. చంద్రశేఖరరావు గారు 1996లో జర్మనీలోని హాంబర్గ్‌లో అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ జడ్జి అయ్యారు, 1999 నుంచి 2002 దాకా దానికి అధ్యక్షులు.

నన్నడిగితే మన పిల్లలకు దగ్గరి దారి ఇంగ్లండే. 2021 నుంచి అక్కడ సొలిసిటర్ కావడానికి ఎస్.క్యూ.ఇ. అనే రెండు భాగాల పరీక్ష పెట్టారు. మామూలుగా 2 ఏళ్ళ పని అనుభవం కావాలి. ఇతర దేశాల్లో లాయర్లుగా అర్హత ఉన్నవారికి ఆ అనుభవం నుంచి మినహాయింపు ఉంది, అందులో మన అడ్వకేట్లూ వస్తారు. మొదటి భాగం 360 బిట్లు. పరీక్ష ఫీజులు మొత్తం 4,500 పౌండ్లకు పైనే. ఎక్కువే, కాని పేరున్న అమెరికా కాలేజీల్లో ఎల్ఎల్.ఎం. ఏడాది ఫీజే 60 వేల డాలర్లు దాటుతోంది. అంటే 50 లక్షల పైమాటే. పాసైనా ఉద్యోగం, వీసా విడిగా సంపాదించుకోవాలి సుమా.

ఎల్ఎల్.ఎం.కే వెళ్ళదలచినవారు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ సంగతి చూడాలి. పి.జి., పిహెచ్.డి.లకే ఇస్తారు, బ్యాచిలర్ డిగ్రీకి కాదు. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షలకు మించరాదు, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ ఏటి ప్రకటన చదివాకే దరఖాస్తు పెట్టండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఆఖరి వారంలో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే పని పెట్టుకోవద్దు. జర్మనీ, ఫ్రాన్సుల వైపు చూసేవారు లాసెట్ సీటు వచ్చిన రోజునే ఆ భాష కూడా మొదలుపెట్టాలి.